ఆనవాలు, ముద్ర: నాయకుడి కార్టూన్ జాతి అవమానంగా ఎక్కడ మారుతుంది?

అమెరికా అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లలో జార్జ్ డబ్ల్యూ. బుష్‌ను చింపాంజీగా గీసిన కార్టూన్లకు లెక్క లేదు. బ్రిటన్‌లో గార్డియన్ పత్రిక కార్టూనిస్టు స్టీవ్ బెల్‌కు అది అలవాటైన రూపమే. ఆ బొమ్మలు బాగోలేవన్నవారు, అధ్యక్ష పదవికి మర్యాద ఇవ్వలేదన్నవారు ఉన్నారు గానీ, వాటిలో జాతి అవమానం ఉందన్న గొడవ మాత్రం రేగలేదు. బుష్ దిగిపోయి నెల తిరగకముందే, 2009 ఫిబ్రవరి 18న, న్యూయార్క్ పోస్ట్ పత్రికలో ఒక కార్టూన్ వచ్చింది. తుపాకీ కాల్పులకు చచ్చి పడి ఉన్న చింపాంజీ, పక్కన ఇద్దరు పోలీసులు, 'తర్వాతి ఉద్దీపన బిల్లు రాయడానికి ఇంకెవరినైనా వెతుక్కోవాలి' అన్న అర్థం వచ్చే మాట. దానికి రెండు రోజుల ముందు కనెటికట్ రాష్ట్రంలోని స్టామ్‌ఫర్డ్‌లో ఒక పెంపుడు చింపాంజీ ఒక మహిళ మీద పడి తీవ్రంగా గాయపరచగా పోలీసులు దాన్ని కాల్చి చంపారు. ఆ మరుసటి రోజు బరాక్ ఒబామా ఆర్థిక ఉద్దీపన బిల్లు మీద సంతకం చేశారు. రెండు వార్తలను ముడివేసి నవ్వించడమే తమ ఉద్దేశమని, చింపాంజీ అంటే ఒబామా కాదని, బిల్లును అడ్డదిడ్డంగా రాసినవారని పత్రిక వాదించింది. వాదన నిలబడలేదు. చివరికి పత్రిక అధిపతి రూపర్ట్ మర్డోక్ స్వయంగా క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

జంతువు ఒకటే అయినప్పుడు మొదటి బొమ్మ వెటకారంగానూ రెండోది అవమానంగానూ ఎందుకు నిలిచాయన్న ప్రశ్న రాయలసీమలో కూర్చుని అడిగితే మరింత వింతగా వినిపిస్తుంది. గుంతకల్లు పక్కన కసాపురంలో నెట్టికంటి ఆంజనేయుడికి, వేంపల్లె దగ్గర గండిలో వీరాంజనేయుడికి శనివారాల్లో జనం ఎలా బారులు తీరుతారో తెలిసిన పాఠకుడికి కోతి ముఖం తనంతట తానుగా తక్కువతనానికి గుర్తు కాదు. అల్లరి చేసే మనవణ్ణి అవ్వ 'కోతి' అని పిలిస్తే అందులో ముద్దే ఎక్కువ. కాబట్టి ఒబామా బొమ్మ మీద అంత రభస ఎందుకన్న సందేహం ఇక్కడి పాఠకుడికి రావడం సహజమే. దానికి జవాబు చింపాంజీలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది. 1906 సెప్టెంబరులో న్యూయార్క్ బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో కోతుల గూటిలో ఒక మనిషిని ప్రదర్శనకు పెట్టారు. ఆయన కాంగో నుంచి తీసుకురాబడిన ఓటా బెంగా. నగరంలోని నల్లజాతి మతగురువులు ఊరుకోక అభ్యంతరం చెప్పిన తర్వాతే అది ఆగింది. నల్లవాళ్లు మనుషులకూ కోతులకూ మధ్య మెట్టు మీద ఉన్నారన్న మాటను శాస్త్రమనే పేరుతో చాలాకాలం బోధించిన దేశంలో, మొదటి నల్లజాతి అధ్యక్షుడి సంతకం ఆరకముందే చచ్చిన చింపాంజీని బిల్లు రచయితగా చూపడం బుష్ చెవుల మీద వేసిన హాస్యంలాంటిది కాలేదు. బుష్‌ను కోతిగా గీస్తే ఆయన ముఖం, ఆయన తడబాటు గుర్తొస్తాయి. ఒబామాను అలా గీస్తే ఆయన ముఖం గుర్తుకు రాదు, ఆ గూడు గుర్తుకొస్తుంది.

ఈ చర్చను తెలుగులో చేసేటప్పుడు మాట దగ్గరే ఒక చిక్కు ఉంది. 'జాతి' అనే మాటతో దేశాన్ని చెబుతాం, గాంధీని జాతిపిత అంటాం. కులాన్నీ చెబుతాం, తెగనూ చెబుతాం, ఒంగోలు గిత్తల జాతి గొప్పదనీ అంటాం. 'వర్ణం' కూడా అంతే, ఒంటి రంగూ అదే, చాతుర్వర్ణ్యమూ అదే. అందువల్ల అమెరికా కార్టూన్ మీద 'జాతి వివక్ష' అని తెలుగు పత్రిక శీర్షిక పెడితే చదివేవారిలో కొందరికి అది దూరదేశపు రంగు తగాదాగానూ, కొందరికి సొంత ఊరి కులం సంగతిగానూ తోస్తుంది. ఈ అయోమయం నష్టమేమీ కాదు. నిజానికి ప్రశ్నను ఇంటికి తెచ్చేది అదే. పుట్టుకతో వచ్చినదాన్ని పట్టుకుని మనిషిని తక్కువ చేయడం రంగు రూపంలో జరిగినా, కులం రూపంలో జరిగినా, ప్రాంతం రూపంలో జరిగినా కార్టూన్ గీసే చెయ్యి వాడే పనిముట్టు ఒకటే.

ఆ పనిముట్టును అర్థం చేసుకోవాలంటే క్యారికేచర్ ఏం చేస్తుందో చూడాలి. బరువు ఎక్కించడం అనే అర్థం గల ఇటాలియన్ మాట నుంచి ఆ పేరు వచ్చింది. ఒక మనిషిలో ఉన్నదాన్నే పట్టుకుని, దాని మీద మోయలేనంత బరువు ఎక్కిస్తే పుట్టేదే ఆ బొమ్మ. 1831లో ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడన్న కేసులో పత్రికాధిపతి షార్ల్ ఫిలిపాన్ కోర్టులోనే నాలుగు బొమ్మలు గీసి చూపాడు. మొదటిది రాజు ముఖం, చివరిది బేరిపండు, నడుమ ఒకదాని నుంచి మరొకటిగా మారే రెండు రూపాలు. 'వీటిలో ఏ గీత దగ్గర నేరం మొదలైంది?' అన్నది ఆయన వాదన సారాంశం. కేసు ఓడిపోయాడు గానీ, రాజు మాత్రం దేశమంతటికీ బేరిపండుగానే మిగిలిపోయాడు. పైన సన్నగా కింద బుగ్గలు జారి ఉండే ఆ ముఖం ఆయన ఒక్కడిదే కావడం వల్లే ఆ బొమ్మ ఫ్రాన్స్‌లో ఇంకెవరికీ తగల్లేదు.

తెలుగు పాఠకులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ పి.వి. నరసింహారావు మూతి. 1991లో ప్రధానిగా ఉంటూ నంద్యాల ఉప ఎన్నికలో అయిదు లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచిన ఆ నాయకుడి ముందుకు పొడుచుకొచ్చిన పెదవులు దేశంలోని కార్టూనిస్టులందరికీ దొరికిన వరం. అది మొదట రూపం మీద హాస్యమే అయినా క్రమేణా ఆయన మౌనానికీ, నిర్ణయాన్ని నాన్చే పద్ధతికీ గుర్తుగా మారింది. హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎన్.టి. రామారావు కాషాయ వస్త్రాలూ, పులివెందుల నుంచి వచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి పంచెకట్టూ చిరునవ్వూ అలాంటివే. వాటిలో కొన్ని వారు కోరి వేసుకున్న వేషాలు, కొన్ని వారి ముఖానికి పుట్టుకతో వచ్చినవి. పుట్టుకతో వచ్చిన ముక్కునో పెదవినో గీయడం తప్పంటే క్యారికేచర్ అనే కళకే తలుపులు మూసుకోవాలి. ఆ లక్షణం ఆ ఒక్క మనిషిదా, లేక ఆ మనిషి పుట్టిన గుంపు మొత్తానికి ఇతరులు అంటగట్టినదా అన్నదే చూడవలసిన తేడా.

బడి రికార్డుల్లో పుట్టుమచ్చలు రాసే చోటు ఒకటి ఉంటుంది. ఒక విద్యార్థిని మిగతా అందరి నుంచి వేరుగా పోల్చుకోవడానికి ఆ ఆనవాళ్లు. పశువుల మీద వేసే ముద్ర దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఏ పశువు ఏదో చెప్పడానికి కాక, ఏ మందదో చెప్పడానికి దాన్ని వేస్తారు. నాయకుడి కార్టూన్‌ను తూచడానికి ఈ రెండు మాటలు సరిపోతాయి.

పంతొమ్మిదో శతాబ్దపు అమెరికన్ కార్టూనిస్టు థామస్ నాస్ట్ చేతిలో ఈ రెండూ ఉండేవి. న్యూయార్క్ నగర ఖజానాను దోచిన రాజకీయ నాయకుడు విలియం ట్వీడ్‌ను ఆయన వారం వారం గీసి జనం నోట్లో పెట్టాడు. ఆ భారీ కాయం, ఆ గడ్డం, డబ్బు సంచులు అన్నీ ట్వీడ్‌వే. జైలు నుంచి తప్పించుకుని స్పెయిన్ చేరిన ట్వీడ్‌ను 1876లో అక్కడి అధికారులు నాస్ట్ బొమ్మను బట్టే పోల్చుకున్నారని చెబుతారు. అదే నాస్ట్ ఐరిష్ వలసదారులను గీసినప్పుడు మాత్రం దవడ ముందుకు సాగిన తాగుబోతు వానరాలను గీశాడు, లండన్‌లో పంచ్ పత్రిక కూడా అలాగే గీసింది. ఐరిష్ వారు తెల్లవారే కావడం వల్ల ఈ అవమానం కేవలం ఒంటి రంగుతో పుట్టింది కాదని, ఏలేవారు ఏలబడేవారి మీద వేసే ముద్ర అని తేలుతుంది. ట్వీడ్ బొమ్మ పట్టుకుని పోలీసులు ఒక మనిషిని పట్టుకోగలిగారు. ఐరిష్ వానరం బొమ్మ పట్టుకుని బయలుదేరితే వీధికి వీధిని పట్టుకోవలసి వచ్చేది.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకుడికి ఈ తేడా పుస్తకాల్లో నేర్చుకోవలసినది కాదు. 1990ల చివరి నుంచి తెలుగు తెర మీద రాయలసీమ అంటే నాటు బాంబు, వేటకొడవలి, దుమ్ము రేపుకుంటూ వచ్చే సుమోలు, మీసం మీద చెయ్యి అన్న లెక్క స్థిరపడింది. సినిమా నుంచి ఆ సామగ్రి రాజకీయ వ్యంగ్యంలోకి సులువుగా దిగింది. ముఠా కక్షలు ఈ జిల్లాల్లో లేవని ఎవరూ అనలేరు, వాటిలో ఊళ్లకు ఊళ్లు నాశనమైన మాటా నిజమే. అందువల్ల కక్షల కేసుల్లో పేరున్న నాయకుడి చేతిలో బాంబు గీస్తే అది అతడి చర్య మీద విమర్శ. ఎన్ని కేసులున్నాయో, ఏ కోర్టులో ఉన్నాయో చెప్పగల కార్టూనిస్టు ఆ బాంబును ధైర్యంగా గీయవచ్చు. అయితే సాగునీటి కేటాయింపు మీదో, హైకోర్టు బెంచి మీదో, కరువు సాయం మీదో శాసనసభలో మాట్లాడిన నాయకుడిని కూడా సీమవాడైనందుకు కొడవలితో గీస్తే, ఆ కొడవలి అతడు ఎత్తింది కాదు, గీసినవాడు ఇచ్చింది. పేరు చెరిపేసి బొమ్మను చూస్తే అక్కడ ఒక నాయకుడు మిగలడు, 'కడపోడు' మిగులుతాడు. ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిన కుర్రవాడిని ఊరి పేరు చెప్పగానే 'బాంబులు తెచ్చావా' అని ఆటపట్టించేది కూడా ఆ బొమ్మతోనే. నాయకుడికి అంగరక్షకులుంటారు, ఆ కుర్రవాడికి ఉండరు. ముద్ర పడే కార్టూన్‌లో దెబ్బ తగిలేది చాలాసార్లు గీయబడినవాడికి కాదు.

ఈ పరీక్ష అన్నిటికన్నా కఠినంగా నిలిచేది కులం దగ్గర. కర్నూలు జిల్లా పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలో ఆ పదవికి వచ్చిన మొదటి దళితుడు ఆయనే. ఆయన మంత్రివర్గ కూర్పునో, పార్టీ ముఠాల నడుమ ఆయన నెగ్గుకొచ్చిన తీరునో ఎంత ఘాటుగా గీసినా అది వ్యంగ్యం కిందికే వస్తుంది. అలాంటి నాయకుడి చేతికి చీపురో, కాళ్ల దగ్గర తోలు చెప్పో చేర్చి గీస్తే బొమ్మలో ఆయన చేసిన పని ఏదీ ఉండదు, ఆయన పుట్టుకకు లోకం అప్పగించిన పని ఒక్కటే ఉంటుంది.

అంబేడ్కర్ విషయంలో ఇది ఊహ కాదు. విజయవాడకు చెందిన పరిశోధకుడు ఉన్నమతి శ్యామసుందర్ 1932 నుంచి 1956 వరకు ఇంగ్లీషు పత్రికల్లో అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లను వెలికితీసి 2019లో పుస్తకంగా ముందుంచారు. వాటిలో ఆయనను కురచగా, పిల్లవాడిలా చూపినవి ఉన్నాయి. అంబేడ్కర్ దిట్టమైన మనిషి అన్నది ఫొటోలు చూసినవారెవరికైనా తెలుసు. ముఖంలో లేని, ఒంట్లో లేని ఆ కురచదనం బొమ్మలోకి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు, గీసినవారి మనసులో ఆయనకున్న చోటు నుంచి అన్నదే సమాధానం. క్యారికేచర్ ఉన్నదాని మీద బరువు ఎక్కిస్తుందన్న మాట నిజమైతే, లేనిదాన్ని తెచ్చి అతికించిన ఆ గీతలు క్యారికేచర్‌గా కూడా ఓడిపోయినవే.

కార్టూనిస్టు శంకర్ 1949లో గీసిన నత్త కార్టూన్ ఇంత సులువుగా తేలదు. రాజ్యాంగం అనే నత్త మీద అంబేడ్కర్ కొరడాతో కూర్చుని ఉంటాడు, వెనక నెహ్రూ కూడా కొరడా ఎత్తి ఉంటాడు, చుట్టూ జనం చూస్తుంటారు. రాజ్యాంగ రచన మెల్లగా సాగుతున్నదన్న విమర్శ అది. 1946 డిసెంబరు 9న మొదలైన రాజ్యాంగ సభ 1949 నవంబరు 26న గానీ పని ముగించలేదు కాబట్టి విమర్శకు ఆధారం ఉంది. నత్త ఆ పనికి ఆనవాలే. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉన్న ఆ బొమ్మ మీద 2012 మేలో పార్లమెంటు అట్టుడికింది. నెహ్రూ కొరడా నత్త మీదికి ఎత్తిందని సమర్థించినవారూ, దళిత నాయకుడి వీపు మీదికి ఎత్తిందని నొచ్చుకున్నవారూ ఒకే బొమ్మను చూశారు. ప్రభుత్వం బొమ్మను తొలగిస్తామంది, పుస్తకానికి సలహాదారులుగా ఉన్న ఇద్దరు రాజీనామా చేశారు, వారిలో ఒకరి పుణె కార్యాలయం మీద దాడి జరిగింది. దాడిని సమర్థించడానికి ఏ కారణమూ చాలదు. అయినా నొచ్చుకున్నవారి మాటను తీసిపారేయడం కూడా సరి కాదు. 1949లో ఢిల్లీలో వారపత్రిక కొని చదివినవారికి కొరడా అంటే తొందరపెట్టడం. అరవై ఏళ్ల తర్వాత తరగతి గదిలో, తాత వీపు మీద దొర దెబ్బల కథ ఇంట్లో విని వచ్చిన పిల్లవాడికి అది వేరే వస్తువు. గీసినవాడి ఉద్దేశం బొమ్మకు పుట్టుకను ఇస్తుందే తప్ప జీవితాంతం కాపలా కాయదు. బొమ్మను తీసేయడం కన్నా, ఆ పిల్లవాడు అడిగే ప్రశ్నను పుస్తకంలో బొమ్మ పక్కనే అచ్చు వేసి ఉంటే పాఠం మరింత బాగుండేది.

ఉద్దేశం చాలదనడానికి న్యూయార్కర్ పత్రిక 2008 జులై ముఖచిత్రం మరో సాక్ష్యం. తలపాగా చుట్టుకున్న ఒబామా, భుజాన తుపాకీ వేసుకున్న మిషెల్, పొయ్యిలో కాలుతున్న అమెరికా జెండా అందులో ఉన్నాయి. ఒబామా మీద పుకార్లు పుట్టించేవారిని వెక్కిరించడానికే బారీ బ్లిట్ ఆ బొమ్మ గీశారు. ఒబామా ప్రచార బృందం మాత్రం దాన్ని తీవ్రంగా ఆక్షేపించింది. పుకారును ఎగతాళి చేయాలన్నా ముందు ఆ పుకారును అందంగా రంగులద్ది గీయాలి కదా, చిక్కంతా అక్కడే ఉంది.

మరో వైపు నుంచి వచ్చే ప్రమాదం ఇంతకన్నా చిన్నది కాదు. నాయకుడి తప్పును గీస్తే గుంపు మొత్తానికి అవమానం జరిగిందని ఆ నాయకుడే జెండా ఎత్తుతాడు. 'నన్ను కాదు, నా కులాన్ని అన్నారు', 'నన్ను కాదు, సీమ ఆత్మగౌరవాన్ని దెబ్బతీశారు' అన్న మాటలు కొత్తవి కావు. 2020 మార్చిలో స్టీవ్ బెల్ బ్రిటన్ హోంమంత్రి ప్రీతి పటేల్‌ను ముక్కుకు రింగు ఉన్న ఎద్దుగా గీసినప్పుడు, ఆవును పూజించే హిందువులకు అది అవమానమని అక్కడి సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అప్పటికి ఆమె మీద కింది ఉద్యోగులను బెదిరిస్తున్నారన్న ఆరోపణలు ఉన్నాయి. ఇంగ్లీషులో ఎద్దుకూ (బుల్) బెదిరించేవాడికీ (బుల్లీ) మాటలు దగ్గరివి కాబట్టి బొమ్మకు ఆమె మీద వచ్చిన ఆరోపణే ఆధారమైంది. లేపాక్షి నంది ఉన్న సీమలో ఎద్దును చూసి నొచ్చుకోవాలంటే కాస్త శ్రమపడాలి. ఆ బొమ్మ తూకంలో ఆనవాలు వైపే మొగ్గుతుంది.

చట్టం ఈ తేడాను పూర్తిగా తేల్చలేదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఆ వర్గాల వ్యక్తిని బహిరంగంగా, ఉద్దేశపూర్వకంగా అవమానించడాన్ని శిక్షిస్తుంది. వర్గాల మధ్య వైరం పెంచే చిత్రాలకూ రాతలకూ ఐపీసీ 153ఏ బదులు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోని 196వ సెక్షన్ వర్తిస్తుంది. రెంటికీ అవసరం ఉంది. అయితే పోలీసు స్టేషన్‌కు ఆనవాలూ ముద్రా వేరుచేసే తీరిక ఉండదు. 2012 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి మీద కార్టూన్‌ను ఈమెయిల్‌లో పంపినందుకు అరెస్టయిన జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ ఆచార్యుడికి కేసు నుంచి విముక్తి దొరికింది 2023లో. ఆ బొమ్మలో కులమూ లేదు, మతమూ లేదు. అందుకే పరీక్ష పోలీసుల చేతిలో కన్నా ముందు గీసేవాడి బల్ల మీదా, అచ్చు వేసే సంపాదకుడి కంట్లోనూ జరగాలి.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవారికి ఈ సంగతి ఒక రకంగా ఎప్పటి నుంచో తెలుసు. ఆటలో రాముడు నీలి రంగులోనే ఉంటాడు, నీలమేఘశ్యాముడన్నది పొగడ్తే. నవ్వించడానికి జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. వాళ్ల ఒళ్లూ మాటలూ వికారంగా ఉంటాయి, ఊరి పెద్దల సంగతులు సందు దొరికితే అంటిస్తారు. రంగును దేవుడికి ఇచ్చి వికారాన్ని నడవడికి ఇచ్చిన ఆ పద్ధతి, పెళ్లి ప్రకటనలో 'చామనఛాయ' అని రాయడానికి జంకే మన ఇళ్ల కన్నా మెరుగే.

పత్రిక కార్టూన్‌లో రంగు సంగతి మరీ సన్నగా, దాదాపు కనిపించకుండా జరుగుతుంది. నలుపు తెలుపు అచ్చులో ముఖాలన్నీ కాగితం తెల్లదనంతోనే ఉంటాయి, బయటి గీత ఒక్కటే సిరాది. శాసనసభలో కూర్చున్నవారిలో తెల్లగా ఉన్నవారు ఎంతమందో అందరికీ తెలుసు, అయినా అందరికీ కాగితం రంగే. అలాంటి బొమ్మలో పదిమంది నాయకుల నడుమ ఒక్కరి ముఖం మీద మాత్రం అడ్డగీతలు గీసి నల్లబరిస్తే, ఆ గీతలు ఆ నాయకుడి ఏ మాటకు, ఏ సంతకానికి, ఏ నిర్ణయానికి జవాబుగా వచ్చాయో గీసినవాడు చెప్పగలగాలి.